గ్రహశకలం ఫొటోకి గడియారమే ప్రాణం: 8 అంగుళాల టెలిస్కోపుతో ప్రాజెక్టు డైరీ

సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో 1.3 ఏయూ కన్నా లోపలికి వచ్చే గ్రహశకలాలను భూసమీప గ్రహశకలాలు అంటారు. ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం, దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. చిన్న టెలిస్కోపులో ఇవి ఎప్పుడూ చుక్కలే. ఎంత తంటాలు పడ్డా ఆకారం కనిపించదు. కాబట్టి ఈ ప్రాజెక్టు లక్ష్యం చుక్కను ఫొటో తీయడంతో ఆగదు. ఫలానా క్షణంలో ఆ చుక్క ఆకాశంలో సరిగ్గా ఎక్కడ ఉందో అర ఆర్క్ సెకను (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) లోపు తేడాతో చెప్పగలగాలి. అమెరికాలో కేంబ్రిడ్జిలో ఉన్న, గ్రహశకలాల కొలతలు చేరే మైనర్ ప్లానెట్ సెంటర్ ఆ కొలతను స్వీకరించేలా ఉండాలి. టైము, స్థలం తేలని ఫొటో ఎంత బాగున్నా కక్ష్య లెక్కలకు పనికిరాదు.

సామాన్లు: 200 మి.మీ. అద్దం, 800 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంత్) ఉన్న న్యూటోనియన్ టెలిస్కోపు (ఎఫ్/4, అంటే నాభ్యంతరం అద్దం వ్యాసానికి నాలుగు రెట్లు), ఫ్రేము అంచుల్లో నక్షత్రాలు సాగకుండా సరిచేసే కోమా కరెక్టర్, చల్లబరిచే ఏర్పాటున్న మోనో (నలుపు తెలుపు) కెమెరా (ఐఎంఎక్స్ 533 సెన్సర్, 3008 × 3008 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు), 18–20 కిలోలు మోసే ఈక్వటోరియల్ మౌంటు (ఆకాశం తిరిగినట్టే టెలిస్కోపును తిప్పే స్టాండు), ల్యాప్‌టాప్. కలర్ కెమెరా పనికిరాదని కాదు. కానీ రంగు ఫిల్టర్ల గళ్లు సగానికి పైగా కాంతిని మింగేస్తాయి, ఇక్కడ ప్రతి ఫోటానూ కావాలి.

స్కేలు లెక్క: 206.265 × 3.76 ÷ 800 = పిక్సెల్‌కి 0.97 ఆర్క్ సెకన్లు. ఫ్రేము వెడల్పు సుమారు 48.6 ఆర్క్ నిమిషాలు (ఒక్కోటి 60 ఆర్క్ సెకన్లు), అంటే నిండు చంద్రుడికి ఒకటిన్నర రెట్లు. మన ఊళ్లలో డాబా మీద తీసిన ఫొటోలో నక్షత్రపు చుక్క మందం మామూలుగా 3–4 ఆర్క్ సెకన్లు ఉంటుంది. అది మూడు నాలుగు పిక్సెళ్లలో పడుతుంది, కొలతకు అది చాలు. రెండు పిక్సెళ్ల కన్నా తక్కువలో పడితే కేంద్రం సరిగా తేలదు. కోమా కరెక్టర్ నాభ్యంతరాన్ని కొంచెం మారుస్తుంది కాబట్టి అసలు స్కేలును ప్లేట్ సాల్వ్ (ఫొటోలోని నక్షత్రాలను కేటలాగుతో పోల్చి స్థానం, స్కేలు తేల్చడం) చేసి తీసుకోవాలి. డబ్బా మీద రాసిన అంకెను నమ్ముకోకూడదు.

నవంబరు: మౌంటు

వానలు వెళ్లి ఆకాశం తేటపడే కాలం. మౌంటు పని ముందు తేల్చుకోవాలి. దాని మాన్యువల్ మన అక్షాంశాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు.

ధ్రువనక్షత్రం హైదరాబాదులో దిగంతానికి 17.4 డిగ్రీల ఎత్తులో, విశాఖలో 17.7, తిరుపతిలో 13.6 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, అది పక్కింటి వాటర్ ట్యాంకు వెనకో, ఊరి పొగమంచులోనో దాగిపోతుంది. రెండోది ఇంకా మొండిది. మౌంటు అక్షం దాదాపు అడ్డంగా పడుకోవడంతో కౌంటర్‌వెయిట్ కడ్డీ నిట్టనిలువుగా కిందికి దిగి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. మోటారు అప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది, గేర్లు అరుగుతాయి. దీనికి మంచి మందు ట్రైపాడ్‌కీ మౌంటుకీ మధ్య 20 సెం.మీ. పయర్ ఎక్స్‌టెన్షన్ (ఎత్తు పెంచే స్తంభం). అది దొరక్కపోతే అజిమత్ పిన్నును (మౌంటును పక్కలకు సరిచేసే మరలు తగిలే పిన్ను) రెండో వైపుకు మార్చి ఉత్తరాన ఒక కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా ట్రైపాడ్‌ను తిప్పుకోవాలి. ఏది చేసినా చీకటి పడకముందే మౌంటును తూర్పు నుంచి పడమటి దాకా చేత్తో తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. అక్షం ఇంత పడుకున్నప్పుడు బరువంతా వెనకవైపు, అక్షం ఎత్తు సరిచేసే ఆల్టిట్యూడ్ బోల్టు మీద పడుతుంది. బరువులన్నీ ఎక్కించాక బోల్టు తిప్పితే మరలు దెబ్బతింటాయి, అందుకే ఎత్తు సుమారుగా ముందే సరిచేసుకుని ఆ తర్వాత ట్యూబు ఎక్కించాలి.

ధ్రువనక్షత్రం కనబడకపోతే నీనా సాఫ్ట్‌వేర్‌లో మూడు బిందువుల పోలార్ అలైన్‌మెంట్ (మౌంటు అక్షాన్ని ఖగోళ ధ్రువం వైపు సరిపెట్టడం) వాడొచ్చు. ఆకాశంలో ఎక్కడైనా మూడు ఫొటోలు తీసి అక్షం ఎంత తప్పిందో అదే చెబుతుంది. తప్పు 2 ఆర్క్ నిమిషాల లోపుకి రావాలి. ఎక్స్‌పోజర్లు పది ఇరవై సెకన్లే కదా, గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటును సరిదిద్దుతూ ఉండడం) కూడా అక్కర్లేదు కదా, ఇంత పట్టింపు దేనికని అనిపించవచ్చు. 5 ఆర్క్ నిమిషాల తప్పు ఉంటే గంటలో ఫ్రేము 80 ఆర్క్ సెకన్ల దాకా, అంటే ఎనభై పిక్సెళ్లకు పైగా జారుతుంది. సెన్సర్ మీద హాట్ పిక్సెళ్లు (కాంతి పడకపోయినా వెలిగే పిక్సెళ్లు) మాత్రం కదలవు. ఫ్రేములను నక్షత్రాలకు సరిపెట్టి స్టాక్ చేశాక (ఒకదాని మీద ఒకటి కలిపాక) ఆ పిక్సెళ్లు వరసగా, నిలకడైన వేగంతో కదిలే చుక్కల్లా కనిపిస్తాయి. అచ్చం గ్రహశకలంలాగే. కొత్తవాళ్లు కనిపెట్టామనుకునే గ్రహశకలాల్లో చాలా వరకు ఇవే. పోలార్ అలైన్‌మెంట్ బాగుండాలి, అదే ఉష్ణోగ్రతలో తీసిన డార్కులు (మూత పెట్టి తీసిన ఫ్రేములు) ఉండాలి, పదేసి ఫ్రేములకోసారి ఫ్రేమును కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరపాలి. ఈ మూడూ ఉంటే బెడద పోతుంది.

సెన్సర్ ఉష్ణోగ్రత చలికాలంలో −10 డిగ్రీలు, ఏప్రిల్, మే నెలల్లో 0. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా డాబా 30 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు −10 అడిగితే కూలర్ నూటికి నూరు శాతం మీద నడుస్తూ కూడా నిలబెట్టలేదు, ఉష్ణోగ్రత ఊగితే డార్కులు సరిపోవు. కూలర్ 70 శాతం దాటని అంకె పెట్టుకుని ఆ రెండు ఉష్ణోగ్రతలకే డార్కులు తీసి దాచుకోవాలి.

ఫోకస్

ఎఫ్/4 దగ్గర ఫోకస్ చెల్లే మందం (ఫోకస్ పోకుండా సెన్సర్ అటూ ఇటూ జరగగల దూరం) సుమారు 43 మైక్రాన్లు (4.88 × 0.55 మైక్రాన్లు × 16). 800 మి.మీ. అల్యూమినియం ట్యూబు ఒక డిగ్రీ చల్లబడితే 19 మైక్రాన్లు కుంచించుకుంటుంది. అంటే సాయంత్రం 7 గంటలకు పెట్టిన ఫోకస్ రెండు డిగ్రీలు దిగేసరికి పోయినట్టే. నవంబరులో అది గంటలో జరుగుతుంది. మోటారు ఫోకసర్ ఉంటే డిగ్రీన్నరకోసారి ఆటోఫోకస్ చేయించాలి, లేకపోతే అరగంటకోసారి బాటినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో గీతలతో చూపే చీలికల మూత) తగిలించి చూసుకోవాలి. ఫోకస్ పోతే చుక్క వెడల్పు పెరిగి మసక గ్రహశకలం నేపథ్యంలో కలిసిపోతుంది, కారణం ఆకాశం బాగోలేకపోవడమేమో అనిపిస్తుంది. తెల్లవారుజామున సెకండరీ అద్దం మీద మంచు పట్టినా లక్షణం ఇదే. దాని వెనక చిన్న హీటర్ పట్టీ అంటిస్తే తీరిపోతుంది.

డిసెంబరు: ఎంతసేపు తెరవాలి

ఇది పూర్తిగా గ్రహశకలం వేగం మీద ఆధారపడుతుంది. ఎక్స్‌పోజర్ సాగినంతసేపట్లో అది నక్షత్రం మందం కన్నా ఎక్కువ కదలకూడదు. మందాన్ని ఆర్క్ సెకన్లలో తీసుకుని నిమిషపు వేగంతో భాగించి 60తో గుణిస్తే సెకన్లు వస్తాయి. మందం 3.5 అనుకుంటే, నిమిషానికి 5 ఆర్క్ సెకన్లు కదిలేదానికి 42 సెకన్లు, 20 కదిలేదానికి పదిన్నర సెకన్లు, 60 కదిలేదానికి మూడున్నర సెకన్లు.

2022 జనవరి 18న (మనకు 19 తెల్లవారుజామున) 1994 పీసీ1 అనే కిలోమీటరు పాటి గ్రహశకలం 19.8 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సెకనుకు 19.56 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. ఆకాశంలో అది సెకనుకు 2 ఆర్క్ సెకన్లు. దాని ప్రకాశం 10వ మ్యాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ మసక), కాబట్టి సెకనున్నర ఎక్స్‌పోజర్‌లోనే చక్కగా పడేది. మసకగా ఉండి వేగంగా పోయేవాటితోనే కష్టం.

హైదరాబాదు లాంటి ఊరి నడుమ ఉన్నవాళ్లకు ఒక ఊరట ఉంది. ఎఫ్/4 అద్దం, ఐఎంఎక్స్ 533 కెమెరా గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) 100 దగ్గర (రీడ్ నాయిస్, అంటే ఫ్రేము చదివేటప్పుడు కెమెరా కలిపే రొద, ఒకటిన్నర ఎలక్ట్రాన్లు) పెట్టుకుంటే, ఊరి ఆకాశపు వెలుతురు కొద్ది సెకన్లలోనే రీడ్ నాయిస్‌ను ముంచేస్తుంది. అక్కడి నుంచి పది పొడవాటి ఫ్రేములు తీసినా వంద పొట్టి ఫ్రేములు తీసినా ఫలితం దాదాపు ఒకటే. వికారాబాదు అనంతగిరి వైపు చీకటి ఆకాశం కిందకు వెళితే పొట్టి ఫ్రేములకు కొంత నష్టం కనిపిస్తుంది, కానీ అక్కడ మొత్తం మీద లాభమే. లైట్ పొల్యూషన్ ఫిల్టర్లు మాత్రం కొనకండి. గ్రహశకలం వెలుగు సూర్యకాంతి ప్రతిఫలనమే, ఆ ఫిల్టర్ వీధి దీపంతో పాటు దాన్నీ కోస్తుంది.

వేగం లెక్క తప్పితే చుక్క గీతగా మారుతుంది. గీతకు కూడా విలువ ఉంది: 2020 ఆగస్టులో భూమికి 2,950 కిలోమీటర్ల ఎత్తులో హిందూ మహాసముద్రం మీదుగా దూసుకుపోయిన 2020 క్యూజీ గ్రహశకలం, అమెరికాలో పాలమార్‌లోని జ్వికీ ఆకాశ సర్వే తీసిన 30 సెకన్ల ఫొటోల్లో గీతగానే పడింది. ఆ గీతను గుర్తుపట్టింది ఐఐటీ బాంబే విద్యార్థులు. కానీ గీత రెండు కొసలూ స్పష్టంగా దొరికితేనే కొలత. మసక గీత కొసలు నాయిస్‌లో కలిసిపోతాయి, అప్పుడు ఏ క్షణానికి ఏ స్థానమో తేలదు. చేతిలో ఉన్నంతవరకు పొట్టి ఫ్రేములే మేలు.

గడియారం

ఎక్కువ రాత్రులు తిన్న పని ఇదే, తినాల్సిందీ ఇదే. సెకనుకు 2 ఆర్క్ సెకన్లు కదిలే గ్రహశకలాన్ని కొలుస్తూ గడియారం అర సెకను తప్పితే స్థానం ఒక ఆర్క్ సెకను తప్పినట్టే. నక్షత్రాల కేటలాగు ఎంత గొప్పదైనా ఈ తప్పును సరిదిద్దలేదు. పైగా ఆ తప్పు గ్రహశకలం నడిచే దిశలోనే పడుతుంది కాబట్టి ఫొటోలో ఏ తేడా కనిపించదు.

విండోస్ తనంతట తాను చేసుకునే టైము సవరణ ఈ పనికి చాలదు. ఇంటర్నెట్ ఉంటే మైన్‌బెర్గ్ ఎన్‌టీపీ (టైము సర్వర్లను చూసి కంప్యూటర్ గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాము) పెట్టుకుని, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్‌తో పాటు ఇంకో మూడు నాలుగు సర్వర్లు ఇవ్వాలి. బ్రాడ్‌బ్యాండ్ మీద కొన్ని మిల్లీసెకన్ల తేడాకి వస్తుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద పోయే దారి, వచ్చే దారి ఒకేలా ఉండవు, అందుకని పదుల మిల్లీసెకన్ల పక్షపాతం మిగిలిపోతుంది.

ఊరికి దూరంగా వెళ్లేవాళ్లకు జీపీఎస్ తప్పదు. యూఎస్‌బీ జీపీఎస్ డాంగిల్ తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పంపే టైము వాక్యం ల్యాప్‌టాప్‌కు చేరేసరికి కొన్ని పదుల నుంచి కొన్ని వందల మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం కూడా నిలకడగా ఉండదు. కావలసింది సెకనుకొక పల్స్ ఇచ్చే పీపీఎస్ పిన్ను ఉన్న మాడ్యూల్. యూ-బ్లాక్స్ నియో-6ఎం బోర్డుల్లో పీపీఎస్ పిన్ను బయటకు తీసినదాన్ని ఎంచుకోవాలి. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ 18వ జీపీఐఓ పిన్నుకు కలిపి, జీపీఎస్‌ను చదివే జీపీఎస్‌డీ, గడియారాన్ని సరిచేసే క్రోనీ ప్రోగ్రాములు రెండూ పెట్టి, ఆ రాస్ప్‌బెర్రీ పైని సొంత టైము సర్వర్‌గా మార్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా ఈథర్నెట్ కేబులుతో దానికి కలపాలి. అప్పుడు తేడా మిల్లీసెకను, రెండు మిల్లీసెకన్లకు దిగుతుంది.

ఇక్కడే ఒక గోతి ఉంది. పల్స్ సెకను ఎప్పుడు మొదలైందో చెబుతుంది గానీ అది ఏ సెకనో చెప్పదు. అది చెప్పేది ఆలస్యంగా వచ్చే వాక్యం. ఆ ఆలస్యం అర సెకను దాటితే క్రోనీ పక్క సెకనుకు అతుక్కుంటుంది. అప్పుడు తప్పు సరిగ్గా ఒక్క సెకను, స్క్రీను మీద మాత్రం అంతా మైక్రోసెకన్లలో బ్రహ్మాండంగా ఉందని కనిపిస్తుంది. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఎన్‌టీపీతో పోల్చి వాక్యం ఆలస్యాన్ని క్రోనీ సెట్టింగులో రాసుకోవాలి. ఆ తర్వాతే పొలానికి తీసుకెళ్లాలి.

గడియారం సరిగ్గా ఉన్నా కెమెరా సరిగ్గా ఉన్నట్టు కాదు. ఫిట్స్ ఫైల్లో (ఖగోళ ఫొటోలు దాచే ఫైలు) రాసే మొదలు టైము, సాఫ్ట్‌వేర్ కెమెరాకు ఆజ్ఞ ఇచ్చిన క్షణం. నిజంగా కాంతి పట్టడం మొదలయ్యేది ఆ తర్వాత, డ్రైవర్‌ను బట్టి, యూఎస్‌బీ హబ్‌ను బట్టి. దీన్ని కొలవడానికి మనకు ఉచితంగా దొరికే సాధనం జీపీఎస్ ఉపగ్రహాలే. 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సెకనుకు 30–40 ఆర్క్ సెకన్లు కదులుతాయి, ఏ క్షణంలో ఎక్కడున్నాయో సెంటీమీటర్లలో తెలుసు. ఎఫిమెరిస్ (ఏ క్షణంలో ఎక్కడ ఉంటుందో చెప్పే పట్టిక) చూసి ఉపగ్రహం రాబోయే చోట టెలిస్కోపు ఆపి, ఎక్స్‌పోజర్ అర సెకను లోపు పెట్టి వరసగా తీయాలి. కొలిచిన స్థానానికీ లెక్క స్థానానికీ తేడాను రెండుగా విడదీయాలి: నడిచే దిశలో ఎంత, అడ్డంగా ఎంత. అడ్డంగా తేడా దాదాపు సున్నా ఉండి నడిచే దిశలో 3.5 ఆర్క్ సెకన్లు వచ్చిందంటే, సెకనుకు 35 వేగం దగ్గర అది 0.1 సెకను టైము తప్పు. రెండు దిశల్లోనూ తేడా ఉంటే గడియారాన్ని వదిలేసి ప్లేట్ సాల్వ్‌ను, అబ్జర్వేటరీ అక్షాంశ రేఖాంశాలను అనుమానించాలి. ఈ పరీక్ష వేరువేరు రాత్రుల్లో చేసి తేడా నిలకడగా ఉంటేనే దాన్ని సవరణగా వాడుకోవచ్చు. కేబులు మార్చినా డ్రైవర్ అప్‌డేట్ చేసినా మళ్లీ మొదటికే.

ఇంకా ఒకటి. ఈ సెన్సర్ రోలింగ్ షట్టర్, అంటే ఫ్రేమును ఒకేసారి కాక వరస తర్వాత వరస చదువుతుంది. పూర్తి ఫ్రేము సెకనుకు 20 చొప్పున చదువుతుంది కాబట్టి పై వరసకూ కింది వరసకూ 0.05 సెకను తేడా. సెకనుకు 2 ఆర్క్ సెకన్ల వేగానికి ఇది 0.1 ఆర్క్ సెకనే, వదిలేయొచ్చు. ఉపగ్రహాల వేగానికి మాత్రం 2 ఆర్క్ సెకన్ల దాకా పోతుంది. అందుకే ఉపగ్రహాన్ని ఫ్రేము నడుమ పట్టి 0.025 సెకను కలపాలి.

జనవరి: ఎక్కడ వెతకాలి

ఎఫిమెరిస్ తీసుకునేటప్పుడు మన స్థానం ఇవ్వడం మరిచిపోకూడదు. భూమి కేంద్రం నుంచి చూసిన లెక్క తీసుకుంటే, 10 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రహశకలం 22 ఆర్క్ నిమిషాల దాకా పక్కకు తప్పుతుంది. మన ఫ్రేము కేంద్రం నుంచి అంచుకు ఉన్నదే 24. అదే ఇంకొంచెం దగ్గరైతే ఫ్రేములోనే ఉండదు. 20 లక్షల కిలోమీటర్ల దగ్గర మన స్థానం 10 కిలోమీటర్లు తప్పు ఇచ్చినా ఒక ఆర్క్ సెకను పోతుంది. కాబట్టి ఊరి పేరుకు వెబ్‌లో దొరికే అక్షాంశం కాదు, పయర్ నిలబెట్టిన చోటు జీపీఎస్ సగటు కావాలి. లెక్కంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి.

కొత్తగా కనిపెట్టిన వాటి ఎఫిమెరిస్‌లోనే అనిశ్చితి ఉంటుంది, దాన్ని కూడా అడిగి చూడాలి. అది ఫ్రేము వెడల్పు దాటితే రెండు మూడు ఫ్రేములు పక్కపక్కన తీయడమే మార్గం.

మొదట అభ్యాసానికి మాత్రం కక్ష్య ఖాయమై నంబరు వచ్చిన, ప్రధాన వలయపు (అంగారకుడికీ గురువుకీ మధ్య తిరిగే) గ్రహశకలాలే తీసుకోవాలి. సూర్యుడికి ఎదురుగా ఉన్నప్పుడు నిమిషానికి అర ఆర్క్ సెకను చొప్పున నింపాదిగా నడుస్తాయి, గడియారం తప్పును పట్టించుకోవు. అక్కడ కూడా తేడా వస్తే అది ఆప్టిక్స్‌దో కొలత పద్ధతిదో. వాటిని కనీసం రెండు రాత్రులు కొలిచి పంపితేనే మైనర్ ప్లానెట్ సెంటర్ మూడక్షరాల అబ్జర్వేటరీ కోడ్ ఇస్తుంది.

ఫిబ్రవరి: స్టాక్, కొలత

మసక గ్రహశకలం ఒక్క ఫ్రేములో కనిపించదు. ఎఫిమెరిస్ వేగం, దిశ ఇచ్చి, గ్రహశకలం కదిలినట్టే ఫ్రేములను జరిపి కలిపితే అది చుక్కగా తేలుతుంది, నక్షత్రాలు గీతలవుతాయి. ఆస్ట్రోమెట్రికా, టైకో ట్రాకర్ రెండూ ఈ పని చేస్తాయి. 60 ఫ్రేములు ఉంటే ఇరవై చొప్పున మూడు స్టాకులు చేయాలి, ఒక్క ఫ్రేము కూడా రెండింటిలో పడకూడదు. పడితే మూడు కొలతలూ ఒకదాన్నొకటి సమర్థించుకున్నట్టు కనిపిస్తాయి గానీ అవి స్వతంత్రమైనవి కావు. స్టాక్ టైము అంటే అందులోని ఫ్రేముల మధ్య క్షణాల సగటు. మేఘం వచ్చి మధ్యలో కొన్ని ఫ్రేములు తీసేస్తే ఆ సగటు మారుతుంది.

వేగం ఇచ్చినా చుక్క తేలకపోతే మొదట దిశ కోణం చూడాలి, ఆ తర్వాత చుక్క దారిలో నక్షత్రం ఉందేమో చూడాలి. నక్షత్రం మీదుగా వెళుతున్న ఫ్రేములను తీసేయడమే ఉత్తమం. లేకపోతే కేంద్రం ఆ నక్షత్రం వైపు లాగబడుతుంది. ఎంత ఖచ్చితత్వం వస్తుందో ముందే అంచనా కట్టవచ్చు: మందాన్ని సిగ్నల్–నాయిస్ నిష్పత్తికి 2.355 రెట్లతో భాగించాలి. మందం 3.5, నిష్పత్తి 10 అయితే 0.15 ఆర్క్ సెకను. నిష్పత్తి 4 కన్నా తక్కువ ఉన్నదాన్ని, ఎంత ముచ్చటగా కనిపించినా, పంపకూడదు.

నక్షత్రాల స్థానాలకు గయా అంతరిక్ష టెలిస్కోపు కేటలాగు. ఫ్రేములో వందల నక్షత్రాలు దొరుకుతాయి, ప్లేట్ ఫిట్‌కు (పిక్సెళ్లను ఆకాశ స్థానాలుగా మార్చే సూత్రానికి) ఘనపదాల దాకా వాడితే కోమా కరెక్టర్ అంచుల్లో చేసే వంకర కూడా సర్దుకుంటుంది. ఈ సౌకర్యం వెనక హైదరాబాదు చెయ్యి కూడా ఉందని చెప్పుకోవాలి. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని గాజు పలకల మీద ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలిచిన అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగులో −17 నుంచి −23 డిగ్రీల పట్టీ నిజామియా అబ్జర్వేటరీ వాటా. అక్కడ వాడింది కూడా 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫే. ఈ రోజు ల్యాప్‌టాప్ ఒక్క సెకనులో చేసే ప్లేట్ కొలతను అప్పట్లో మనుషులు ఒక్కో నక్షత్రానికి మైక్రోస్కోపు కింద చేశారు.

జూన్ నుంచి

వానకాలంలో మన దగ్గర ఆశ పెట్టుకోకూడదు. 2024 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు 2024 ఎంకే గ్రహశకలాన్ని కనిపెట్టింది. 29న అది 2.95 లక్షల కిలోమీటర్ల దూరంలో, చంద్రుడి కన్నా దగ్గరగా, మన సాయంత్రం వేళలో వెళ్లింది. రుతుపవనాలు నడుస్తున్న నెల. ఈ నాలుగు నెలలూ అద్దం కడగడానికి, ఫిట్స్ ఫైళ్లు మళ్లీ కొలవడానికి, జీపీఎస్ మాడ్యూల్ సవరణలు పరీక్షించడానికి.

2029 ఏప్రిల్ 13 కోసం

ఆ రాత్రి, మన గడియారం ప్రకారం 14 తెల్లవారుజామున 3:15 ప్రాంతంలో, అపోఫిస్ అనే గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరం దాకా వస్తుంది. గరిష్ఠ ప్రకాశం దాదాపు 3వ మ్యాగ్నిట్యూడ్, కంటికే కనిపిస్తుంది. అత్యంత దగ్గరగా ఉన్నప్పుడు దాని కోణ వేగం సెకనుకు సుమారు 40 ఆర్క్ సెకన్లు, అంటే జీపీఎస్ ఉపగ్రహాలతో సమానం. టైము పరీక్ష కోసం చేసే పనే అపోఫిస్‌కు నేరుగా అభ్యాసం.

ఆ వేగానికి 0.1 సెకను ఎక్స్‌పోజర్ కూడా 4 ఆర్క్ సెకన్ల గీత ఇస్తుంది, 0.05 దగ్గర పెట్టాలి. అంత పొట్టి ఫ్రేములో కేటలాగు నక్షత్రాలు కొద్దిగానే మిగులుతాయి, ప్లేట్ ఫిట్‌ను ఘనపదాల నుంచి సరళరేఖకు దించాలి, అందుకని కోమా కరెక్టర్ వంకరను ముందే వేరే రాత్రి పొడవాటి ఫ్రేములతో కొలిచి స్థిరంగా పెట్టుకోవాలి. ఫ్రేమును అది 73 సెకన్లలో దాటేస్తుంది. వెంబడించడం కన్నా దారిలో ముందుకు వెళ్లి ఆగి, అది నడుమకు వచ్చినప్పుడు తీసి, మళ్లీ ముందుకు దూకడం నయం. మౌంటు దూకి నిలదొక్కుకోవడానికి ఇరవై సెకన్లకు మించి పట్టకూడదు. ఇప్పుడున్న పయర్ ఎక్స్‌టెన్షన్ మీద వణుకు తగ్గడానికి దానికన్నా ఎక్కువే పడుతోంది. తర్వాతి పని దాన్ని 150 మి.మీ. వ్యాసం స్టీలు గొట్టంతో మార్చి, అడుగు ప్లేటుకు నాలుగు వైపులా త్రికోణపు రెక్కలు వెల్డింగ్ చేయించడం.